నాలుగవ యేటి పండు

పఠన భాగములు: లేవీయకాండము 19:1–2, 18, 23–25, ద్వితీయోపదేశకాండము 20:6, లూకా 13:6–9, యాకోబు 5:7



లేవీయకాండము పందొమ్మిదవ అధ్యాయములో పొరుగువానిని ప్రేమింపవలెనను ఆజ్ఞ యున్నదని మనకందరికి తెలియును. దానికి అయిదు వచనముల తరువాత చెట్లనుగూర్చిన ఆజ్ఞ యొకటి యున్నది. దానిని మాత్రము చూచియు చూడనట్లు దాటిపోవుదుము. ఇశ్రాయేలీయులు తమ దేశములో ప్రవేశించి, తినుటకు ఏ చెట్టు నాటినను మూడేండ్లు దాని కాపు ముట్టరాదు. నాలుగవ యేటి కాపు అంతయు దేవుని స్తుతికై ప్రత్యేకింపవలెను. అయిదవ యేటనుండి నాటినవాడు తినవచ్చును.

ఈ ఆజ్ఞ ఎవరికి ఇయ్యబడెనో గమనించుడి. అప్పటికి వారికి సెంటు భూమియైనను లేదు. గుడారములలో నుండి, ఏ పూటకాపూట మన్నా ఏరుకొని తిను జనము వారు. రేపటికి దాచుకొనుటకైనను సెలవులేని ఆ జనముతో దేవుడు నాలుగేండ్ల కాలమునుగూర్చి మాటలాడుచున్నాడు. మరియొక సంగతి కూడ చూడుడి. అధ్యాయము మొదటనే, ఈ మాటలు ఇశ్రాయేలీయుల సమాజమంతటితో చెప్పుమని మోషేకు ఆజ్ఞ యైనది. చెట్టు నాటువాడు ఒక్కడే గాని, ఆజ్ఞ విన్నవారు అందరును. ఈ మాసపు పాఠమంతయు ఈ సంగతిమీదనే ఆనుకొనియున్నది. దీనిని పుస్తకములో మాత్రమే గాక, తూర్పు కనుమలలో ఇప్పుడు జరుగుచున్న ఒక పనిలో కూడ చూడగోరుచున్నాము.

మనలో కాఫీ త్రాగువారు అనేకులు గాని కాఫీ చెట్టును చూచినవారు కొద్దిమంది. కావున మైదాన ప్రాంతపు సంఘముల కొరకు కొంచెము వివరముగా వ్రాయుచున్నాము. కొండ సంఘములవారికి ఇది ఇంటి సంగతియే. వారు మమ్మును మన్నింతురు గాక.

అరకు, అనంతగిరి, పాడేరు, చింతపల్లి, హుకుంపేట, ముంచింగిపుట్టు మొదలగు చోట్లు పూర్వము విశాఖపట్టణము జిల్లాలోనివి. 2022 ఏప్రిలు నుండి అవి పాడేరు కేంద్రముగా నున్న అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరియున్నవి. సముద్రమట్టమునకు సుమారు 3,000 అడుగుల ఎత్తున నుండు ఈ కొండలలో బగతలు, కొండదొరలు, ఖోందులు, పోర్జలు, కోటియలు మొదలగువారు తరతరములుగా బ్రదుకుచున్నారు. వారి సేద్యము పోడు. చలికాలము చివర కొండవాలున చెట్లు నరికి, ఎండిన తరువాత వేసవిలో కాల్చి, తొలకరికి ఆ బూడిదలో చోళ్లు, సామలు, కందులు, వలిసెలు చల్లుదురు. రెండు మూడేండ్లు పండును. తరువాత నేల సారము తగ్గును గనుక దానిని విడిచి మరియొక చోటికి పోవుదురు. విడిచిన చోట మోళ్లు చిగిర్చి, రాలిన గింజలు మొలిచి, అడవి మరల లేచును. చాల సంవత్సరములకు గాని ఆ నేలకు మరల గొడ్డలి రాదు. నేలకు విశ్రాంతి దొరకినంతకాలము ఈ పద్ధతివలన గొప్ప నష్టము లేకుండెను.

విశ్రాంతి ఎట్లు తప్పెను? జనము పెరిగెను. 1882 మద్రాసు అడవుల చట్టము తరువాత అడవులను రిజర్వులుగా గిరిగీసి వాటిలో పోడును అడ్డగించిరి. కలప కొరకు కొంత పోయెను. మాచ్‌ఖండ్ విద్యుత్ పథకము వంటి వాటి జలాశయములలో కొంత మునిగెను. 1922లో సీతారామరాజు వెంట మన్యము లేచినప్పుడు, ఆ కోపమునకు గల కారణములలో పోడుమీది ఆంక్షలు ఒకటి. మిగిలిన కొద్దిపాటి నేలమీదికే అందరును త్వరత్వరగా తిరిగి రావలసి వచ్చెను. ఏడవ యేట భూమి విశ్రమింపవలెనను లేవీయకాండము 25 ఎరిగిన మనము, ఇట్టి నేల ఏమగునో ఊహింపగలము. వేరులు పోయినచోట మట్టి నిలువదు. ఏటేట వానకు పైమన్ను గెడ్డలలోనికి కొట్టుకొనిపోయి, కొండ వీపు బయటపడును.

కొండవాడు అడవిని తగులబెట్టి పాడుచేసెనని మైదానములో కూర్చుండి అనుట సులభము. మేమును ఒకప్పుడు అట్లే తలంచితిమి. ఆకలిగొన్న పిల్లలు ఇంటనున్నవానికి ఈ యేటి చోళ్లు కావలెను. పదేండ్ల తరువాతి అడవి వానికి కూడు పెట్టదు. అదియు గాక, ఆ కొండల మేలు వారిది మాత్రమే కాదు. గోస్తనీ నది అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహల మీదుగా దిగి, తాటిపూడి జలాశయము చేరి విశాఖపట్టణమునకు త్రాగునీరగుచున్నది. శారదా నది ఆ కొండలనుండియే దిగి అనకాపల్లి వైపు పొలములను తడుపుచున్నది. పైన చెట్టు నిలిచినయెడల క్రింద ఊట నిలుచును. క్రిందివారమైన మనము ఆ చెట్టు కొరకు ఏమి చెల్లించితిమి?

ఇక కాఫీ సంగతి. ఈ ప్రాంతములకు అది క్రొత్తది కాదు. 1898లో తూర్పు గోదావరి మన్యమునందలి పాములేరు లోయలో ఒక ఆంగ్లేయ అధికారి కాఫీ నాటించెనని చెప్పుదురు. తరువాత అది అరకు వైపునకు వచ్చెను. 1960 ప్రాంతమున అటవీశాఖ రిజర్వు అడవులలో తోటలు వేసెను. అయితే ఆ తోటలలో గిరిజనులు కూలివారే. గిరిజన కుటుంబములకే ఎకరము, రెండెకరములు చొప్పున పోడు కొట్టి విడిచిన వాలులలో తోటలు వేయించు పని పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ, కాఫీ బోర్డుల ద్వారా తరువాత సాగెను. ఇప్పుడు ఆ కొండలలో రెండు లక్షల ఎకరములకు పైగా కాఫీ యున్నది.

అడవి పోయిన నేలకు ఈ పంట ఎందుకు తగియున్నది? అక్కడ పండు అరబికా రకము నీడను కోరును. చోళ్లకు, వలిసెలకు ఆకాశము తెరచియుండవలెను గనుక చెట్టు శత్రువగును. కాఫీకి చెట్టే గొడుగు. కావున కాఫీ కావలెనన్నవాడు ముందు పెద్దచెట్లు పెంచవలెను. పనస, మామిడి, నేరేడు వంటివి ఉన్నచోట వాటిని నిలుపుదురు. బోడివాలులలో సిల్వర్ ఓక్ అను చెట్టును నాటుదురు. అది త్వరగా, నిటారుగా ఎదుగును. దాని బోదెకు మిరియపు తీగె ప్రాకింతురు. రెండు మూడేండ్లకు నీడ పట్టిన తరువాతనే వానకాలమున గుంటలు త్రవ్వి, ఎకరమునకు వేయికి పైగా కాఫీ మొక్కలు నాటుదురు. రాలిన ఆకు నేలను కప్పి క్రుళ్లి ఎరువగును. వాన తిన్నగా మట్టిమీద పడదు, ఆకుమీద పడి జారును. ఆ వాలునకు మరల నిప్పు పెట్టుటకు రైతుకే మనసు రాదు.

మార్చి, ఏప్రిలు నెలలలో ఒక జల్లు కురియవలెను. దానిని పూతవాన అందురు. ఆ జల్లు పడిన కొద్ది దినములకే కొమ్మలన్నియు తెల్లని పూలతో నిండి మల్లెలవలె వాసన వేయును. ఆ పూలు రెండు మూడు దినములే నిలుచును. పిందె నిలుచుటకు మరికొన్ని వారములకు ఇంకొక వాన కావలెను. ఈ రెండు వానలలో ఏది తప్పినను ఆ యేటి పంట తగ్గును. యాకోబు 5:7లో తొలకరి వానకును కడవరి వానకును ఓపికతో ఎదురుచూచు రైతును అపొస్తలుడు చూపించుచున్నాడు. ఆ వచనమును మనము వరిచేను గట్టుమీద నిలిచి చదువుదుము. కాఫీతోటలో నిలిచి ఒకమారు చదువుడి, క్రొత్తగా తెలియును.

నాటిన మూడు నాలుగేండ్లకు గాని కాఫీ కాపు పట్టదు. నీడ పెంచుటకు పట్టిన ఏండ్లు దానికి కలుపుడి. బోడివాలుమీద మొదటి గుంట త్రవ్విన దినమునకును మొదటి గింజ అమ్మిన దినమునకును నడుమ అయిదారు సంవత్సరములుండును. లేవీయకాండపు లెక్కకంటె ఇది ఎక్కువే. ఈ లోపల ఆ ఇంటివారు ఏమి తినవలెను?

ఈ ప్రశ్న అడుగక చెట్లు నాటుమని బోధించువారు మనలో గలరు. పర్యావరణ దినమున మొక్క నాటి ఫోటో తీయించుకొని, మరునాడు మేకకు విడిచిపెట్టుట మన ఆవరణలలోను జరుగుచున్నది. దేవుని వాక్యము అట్లు చేయదు. ద్వితీయోపదేశకాండము 20:6 చూడుడి. ద్రాక్షతోట నాటి దాని పండు ఇంకను అనుభవింపనివాడు యుద్ధమునకు రానక్కరలేదు, ఇంటికి పోవచ్చును. అతడు పోయినయెడల దండులో అతని చోట ఎవరో నిలువవలెను గదా! అనగా ఆ నాలుగేండ్ల నిరీక్షణ భారములో కొంత జనమంతయు మోయుచున్నది. మూడేండ్లు ఓర్చుకొనుమని ఆజ్ఞాపించిన దేవుడే, ఓర్చుకొనువానిని కాపాడుమని పొరుగువానికి ఆజ్ఞాపించెను.

కొండలలో ఆ భారము ఎట్లు పంచుకొనబడినది? పూర్తిగా పంచుకొనబడెనని మేము చెప్పము. గుంటలు త్రవ్వుటకు, నీడచెట్లు నాటుటకు, మొక్కలు పెంచుటకు ఉపాధి హామీ పథకము క్రింద కూలి ఇచ్చుటవలన అనేక కుటుంబములు మొదటి ఏండ్లు గడుపుకొనెను. పల్లపు భూమిలో వరి, మెట్టలో చోళ్లు మానలేదు. అది మంచిదే, కాఫీ తిని ఎవడును బ్రదుకలేడు. మిరియములు, పనస కొంత ఆదుకొనుచున్నవి. అయినను ఆ ఏండ్లలో జబ్బు వచ్చినను, పెండ్లి వచ్చినను, సంతలో అప్పిచ్చువాడు సిద్ధముగా నుండును. పూత చూచి డబ్బిచ్చి, పండు తానే తీసికొనును. అప్పు తొందరచేత పచ్చికాయలు కూడ దూసివేసినయెడల సరుకు చెడును, ధర పడిపోవును, అప్పు మిగులును. మూడేండ్లు కాచుకొన్నవాడు నాలుగవ యేట తన పండును తానే చేజార్చుకొనుట కంటె దుఃఖము వేరొకటి గలదా?

ఇక్కడనే సహకారపు పని కనబడుచున్నది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అడవి సరుకులతో పాటు కాఫీని కూడ కొనుచున్నది. 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము క్రింద, నాంది ఫౌండేషను తోడ్పాటుతో, అరకు ప్రాంతపు చిన్న సన్నకారు గిరిజన రైతులు 2007లో తమ సంఘమును రిజిస్టరు చేయించుకొనిరి. పండు చక్కగా ఎర్రబారిన తరువాతనే, మూడు నాలుగు విడతలుగా ఏరి, ఆ దినమే సంఘపు యంత్రమునకు చేర్చుదురు. అక్కడ తోలు తీసి, జిగురు పోవునట్లు పులియబెట్టి కడిగి, నేలకు తగులకుండ ఎత్తైన బల్లలమీద ఆరవేయుదురు. అయిదారు కిలోల పండ్లకు ఒక కిలో గింజ వచ్చును. ఒంటరి రైతునకు ఇన్ని కిలోమీటర్ల కొండదారిలో యంత్రమెక్కడ, బల్లలెక్కడ? అందరి పండు ఒకచోట చేరినప్పుడే ఇది సాధ్యము. అరకు కాఫీకి 2017లో పారిసు నగరములో ఒక అంగడి తెరువబడెను; 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు దొరకెను. పేరు వచ్చుట సంతోషమే. అయితే ఎర్రపండునకు తగిన ధర వాకిటనే దొరకి, పూతమీద అప్పు తీసికొను అవసరము తప్పిన ఇండ్లు ఎన్ని యని లెక్కించుట మాకు అంతకంటె ముఖ్యము.

భూమి మాటయు చెప్పవలెను. రేపు వెళ్లగొట్టబడుదునేమో అనుకొనువాడు అయిదేండ్ల చెట్టు ఎందుకు నాటును? యెషయా 65:21–22లో దేవుడు వాగ్దానము చేయు క్రొత్త కాలపు గురుతు ఇదియే: నాటినవాడే పండు తినును, వాని నాటు మరియొకని పాలు కాదు. 2006 అటవీ హక్కుల చట్టము క్రింద తాము దున్నుకొను అడవి నేలకు పట్టాలు పొందిన గిరిజన కుటుంబములు గలవు. చేతిలో ఆ కాగితమున్నవాడు చెట్టును తన బిడ్డకొరకు పెంచును. మన సంఘములలో చదువుకొన్న యౌవనస్థులు దరఖాస్తు వ్రాసిపెట్టుట, గ్రామసభకు తోడుగా పోవుట కూడ పరిచర్యయే యని మా అభిప్రాయము.

కాఫీ నాటినచోటనెల్ల అడవి తిరిగి వచ్చెనని మాత్రము అనుకొనవద్దు. సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా దేశపు చెట్టు. వరుసలు తీర్చిన ఒకే జాతి చెట్లను అడవి అనలేము. పనస, నేరేడు, ఉసిరి, మద్ది కలిసియున్న తోటలో పక్షులు, తేనెటీగలు ఉండునట్లు అందులో ఉండవు. కాపు పెరుగునని ఆశపడి నీడను మితిమీరి నరికినయెడల, ఎండ తగిలిన కాండములో తెల్ల కాండము తొలుచు పురుగు చేరును. అది గ్రుడ్డు పెట్టునది వెచ్చని బెరడులోనే. పురుగుపట్టిన మొక్కను పెరికి కాల్చుట తప్ప గతి లేదు. అట్లే, పండ్లు కడిగిన నీటిని గెడ్డలోనికి విడిచినయెడల క్రిందనున్న చేపలకు హాని, నీరు త్రాగు పల్లెకు హాని. ఆ నీటిని గుంటలలో ఇంకింపవలెను. ఇవన్నియు తెలిసిన సంగతులే, శ్రద్ధయే కావలెను.

2025లో మరియొక పరీక్ష వచ్చెను. కాయ తొలుచు పురుగు అరకు ప్రాంతములో కనబడెను. దక్షిణపు కాఫీ తోటలలో అది 1990 నుండియు నున్నదే. మెంతిగింజకంటె చిన్నదైన ఆ నల్లని పురుగు కాయలో దూరి గింజను తినును. ఏరక విడిచిన పండ్లలో, నేల రాలినవాటిలో దాగి మరుసటి పంటవరకు బ్రదుకును. పురుగుపట్టిన కాయలను కోసి, వేడినీళ్లలో ముంచి, పాతిపెట్టవలసి వచ్చెను. ఐదారేండ్లు కాచుకొని పండించినదానిని తన చేతులతో పాతిపెట్టుట ఎంత కష్టము! అయితే ఒకడు నా తోట నా ఇష్టమని రాలిన పండ్లు ఏరక విడిచినయెడల, వాని పురుగు పొరుగువాని తోటకు పోవును. పొరుగువానిని ప్రేమించుమను పదునెనిమిదవ వచనము, చెట్లనుగూర్చిన ఇరువదిమూడవ వచనము ఒకే అధ్యాయములో ఎందుకున్నవో ఆ కొండ రైతునకు వేరుగా బోధింపనక్కరలేదు.

లూకా 13లో యజమానుడు మూడేండ్లుగా వచ్చి అంజూరపు చెట్టున పండు వెదకెను. దొరకలేదు. నరికివేయుమనెను. తోటమాలి ఇంకొక యేడు అడిగెను. ఊరక అడుగలేదు, చుట్టు త్రవ్వి ఎరువు వేయుదునని తన శ్రమను దానితో చేర్చి అడిగెను. పథకపు కూలి ఆగిన వెంటనే కలుపు ఎక్కి ఎండిన తోటలు కొండలలో లేకపోలేదు. వాటిని చూచి గిరిజనుడు బద్ధకస్థుడనువారికి ఈ ఉపమానమే చాలును. వారు యజమానుని ప్రక్కన నిలిచియున్నారు. తోటమాలి ప్రక్కన చోటు ఖాళీగా నున్నది.

ఇక నాలుగవ యేటి పండు. మొదటి కాపు కొద్దిపాటిదే. ఇంట అన్ని అవసరములు ఎదురుచూచుచుండగా వచ్చిన ఆ కొద్ది కాపును దేవునికిమ్మనుట పేదవానిమీద పన్ను వేసినట్లున్నదే యని కొందరు అడుగుదురు. అక్కడ స్తుతి అను అర్థములో వాడబడిన హెబ్రీ మాట బైబిలులో మరియొక్క చోటనే, న్యాయాధిపతులు 9:27లో కనబడుచున్నది. అక్కడ అది ద్రాక్షపండ్లు కోసి త్రొక్కి, జనులు కలిసి తిని త్రాగిన పండుగ. ఆ జనులు షెకెములో చేసినది మంచి పండుగ కాదు గాని, మాట అర్థము తెలియుచున్నది. నాలుగవ యేటి కాపు దేవుని యెదుట కలిసి భుజించుటకైన కాపు. కాచుకొన్న ఏండ్లలో తోడు నిలిచినవారందరు ఆ పండుగలో కూర్చుందురు. కావున కొండ సంఘముల కాపరులకు మా మనవి యేమనగా, పంట పండుగకు మొదటిసారి కాఫీగింజలు తెచ్చిన ఇంటివారిని చూచి, వారి సంచి ఎంత బరువని చూడకుడి. ఈ ఐదేండ్లు వారికి మనము ఏమి చేసితిమని సంఘము తన్ను తాను ప్రశ్నించుకొనునట్లు ఆ దినమున ఈ అధ్యాయము చదువుడి. మైదాన సంఘములవారు ఆ గింజలు కొనునప్పుడు బేరమాడకుడి.

గృహకూటములలో ఈ పాఠము చదువునప్పుడు మీ ఊరి గుడి ఆవరణ, శ్మశాన భూమి, చెరువు గట్టు, ఊరి వెనుకనున్న బోడిగుట్ట వీటిలో ఒకదానిని ఎంచుకొని, అక్కడ ఏ చెట్టు పట్టును, మూడేండ్లు దానికి నీళ్లు ఎవరు పోయుదురు, ఆ పోయువారి ఇంటి పూటకూలి ఎట్లు గడచును అని పేర్లతో సహా వ్రాసికొనుడి.

రాబోవు మాసమునకు యెహోషువ 17:14–18 చదివి రండి. అక్కడ యోసేపు సంతతివారు కొండసీమలోని అడవిని నరికి చోటు చేసికొనుటకు సెలవు పొందిరి. ఆ మాటను ఈ పాఠముతో కలిపి ఎట్లు చదువవలెనో అను ప్రశ్న మీకు కలిగినయెడల, అది మాకును కలిగినదే.